వర్ని తోవలో హారన్

చెరుకు సీజన్ మొదలై వారం కాలేదు, మా బడి పిల్లలు నలుగురు నా దగ్గరికి ఫిర్యాదు పట్టుకొచ్చారు. "సార్, ఈ యేడు లారీ ఆగుతలేదు సార్" అన్నాడు ఒకడు.

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని ఈ చుట్టుపక్కల అందరికీ తెలుసు. "లారీ ఎందుకాగాలెరా? మీరు చెరుకు గుంజుకోనీకా? పొండ్రి, ఎక్కాలు సదువుకోండ్రి" అని గద్దించి పంపేశాను. వాళ్లు పోయాక హాజరు పట్టీ ముందేసుకుని కూర్చున్నాను గానీ ఒక్క పేరూ పిలవలేకపోయాను. పిల్లలన్నది నిజమే. సీజన్లో మా బడి ముందు నుంచి ఎన్నో లారీలు ఫ్యాక్టరీకి పోతాయి, ఒక్కటీ ఆగదు. ఆగేది ఎప్పుడూ ఒక్కటే. దాన్ని తోలే మనిషి కిందటి సీజన్ చివర్లో చనిపోయాడు.

ఆయన పేరు ఇక్కడ రాయను. రాసినా ఎవరూ గుర్తుపట్టరు. బోధన్ లారీల అడ్డాలో, చాయ్ హోటళ్లలో, కాలువ గట్ల మీద ఆయన అందరికీ ఉస్తాదే. పెళ్లి చేసుకోలేదు. ఎందుకని అడిగితే లారీని చూపించి, "ఇది ఒప్పుకుంటలేదు" అనేవాడు.

మా పరిచయం పోట్లాటతో మొదలైంది. రుద్రూరు నుంచి బోధన్ పోయే తోవ మీద ఉంటుంది మా బడి. నేను కొత్తగా వచ్చిన రోజులు. ఒక మధ్యాహ్నం హారన్ వినబడింది. రెండు పొట్టి, ఒక పొడుగు. రబ్బరు బుడ్డి పిసికితే మోగే ఇత్తడి హారన్ అది. అంతే, నేను బోర్డు మీద రాస్తున్న లెక్క అక్కడే ఉంది, తరగతి మొత్తం రోడ్డు మీదికి ఉరికింది. చూస్తే, నిండా చెరుకుతో ఒక లారీ ఆగి ఉంది. మా వాళ్లు వెనక నుంచి గడలు గుంజుకుంటున్నారు. బెత్తం పట్టుకుని పోయి లారీకి అడ్డంగా నిలబడ్డాను.

"ఏందయ్యా, పిల్లల్ని దొంగల్ని చేస్తున్నవా?"

ఆయన తాపీగా దిగాడు. పొట్టి మనిషి. మెడలో ఎర్ర రుమాలు. "పంతులూ, నేను ఆపకపోతే ఉరికే లారీని పట్టి గుంజుతరు. ఎవడన్న టైరు కింద పడ్డడనుకో, నువ్వు వాని పేరు పట్టిలకెల్లి కొట్టేస్తవ్, నేను జేలుకు పోత. గందుకే ఆపుతున్న. ఇది దొంగతనం గాదు, నేనే ఇస్తున్న."

"ఇయ్యనీకి చెరుకు నీదా?"

"రైతుదే. రైతుకు చెప్పే ఆపుతున్న. ఆయన కొడుకు గూడ నీ బడిలనే ఉన్నడు. అగో, అందరికంటె లావు గడ గుంజినోడు వాడే."

ఆయన ఒక గడ విరిచి నా చేతిలో పెట్టాడు. "తిను పంతులూ, జర తియ్యగ మాట్లాడుతవ్." పిల్లలంతా గొల్లున నవ్వారు. ఆ గడను అందరి ముందే విసిరికొట్టాను. సాయంత్రం బడి వదిలాక వెతుక్కుని తిన్నాను. ఎవరూ చూడలేదనుకున్నాను గానీ మర్నాడు ఆయన లారీలోంచి తల బయటికి పెట్టి, "ఎట్లున్నది?" అని అడిగాడు. అప్పటి నుంచి దోస్తులమయ్యాం.

చెరుకు ముక్క కొరికి అది ఏ తూము నీళ్లతో పండిందో చెప్పగలనని ఆయనకు గొప్ప. సగం బడాయే. మా ప్రభుదాసు ఒకసారి పరీక్ష పెట్టాడు. ప్రభుదాసు నా చిన్ననాటి దోస్తు, బోధన్‌లో కాంపౌండరు, మెథడిస్టు చర్చిలో అందరికంటే గట్టిగా పాడే మనిషి. ఒకే గడను రెండు ముక్కలు చేసి పొద్దున ఒకటి, మాపటికి ఒకటి ఇచ్చాడు. ఉస్తాద్ రెండు వేరు వేరు తూములు చెప్పాడు. నిలదీస్తే సిగ్గన్నది లేకుండా, "కొన ఒక నీళ్లు తాగింది, మొదలు ఒక నీళ్లు తాగింది, నేనేం జేస్త?" అన్నాడు.

ఇంకో అలవాటుండేది. ఎవరైనా దారి అడిగితే నోటితో చెప్పేవాడు కాదు. లారీ ఆపి, దిగి, గొంతుకూర్చుని పుల్లతో మట్టిలో గీసేవాడు. "ఇగో ఇది కాలువ. గీడికొచ్చినంక బెల్లం వాసనొస్తది, గప్పుడు ఎడమకు మర్లు." వెనక బండ్లు నిలిచిపోయినా, అడిగినవాడు తొందరలో ఉన్నా, గీత పూర్తయితే గానీ లేచేవాడు కాదు. జిల్లాలో ఆయన గీయలేని తోవ లేదు. గీయని తోవ ఒక్కటుండేది. అది వర్ని తోవ. దాన్ని గీయడు, దాని మీద లారీ తోలడు. వర్ని చెరుకు కిరాయి వస్తే ఇంకో డ్రైవరుకు ఇప్పించేవాడు. బాన్స్‌వాడ పోవాలంటే కోటగిరి మీదుగా చుట్టు తిరిగి పోయేవాడు.

ఎందుకో ఒకరోజు చాయ్ తాగుతూ చెప్పాడు. ఆయనకు ఉన్నది ఒక్క అక్క. వర్ని పక్క పల్లెలో ఇచ్చారు. మా దిక్కు బతుకమ్మకు ఆడబిడ్డ తనంత తాను పుట్టింటికి రాదు. అన్నో తమ్ముడో పోయి తోలుకరావాలి. ఈయన ఏటా లారీ తీసుకుపోయేవాడు. కాలువ వంతెన దగ్గర ఆ హారన్ కొడితే చాలు, ఆమె సద్దుమూట పట్టుకుని వచ్చేసేది. ఒక యేడు వస్తానని కబురు పంపి పోలేదు. ఆమె కొత్త చీర కట్టుకుని పొద్దుటి నుంచి పొద్దుగూకే దాకా వంతెన మీద కూర్చుంది. అత్తవారి ఇంట్లో నవ్వారు. ఇక్కడ బోధన్‌లో తల్లి బిడ్డ కోసం చూసి చూసి మంచం పట్టింది. దీపావళికి ముందే తల్లి పోయింది. కళ్ల ముందర బిడ్డను చూసుకోకుండానే పోయింది.

"ఎందుకు పోలేదు?" అన్నాను.

"లారీ చెడింది" అన్నాడు చాయ్ గ్లాసులోకి చూస్తూ. "అవ్వ పదో దినంనాడు అక్క అందరి ముంగట అన్నది, ఇగ నీ హారన్ ఇనబడ్డా తలుపు పెట్టుకుంట అని. గందుకే ఇనబడనిస్తలేను."

ప్రతి బతుకమ్మకూ ఆయన మాట తగ్గిపోయేది. మా ఇంటికి వస్తే నా భార్య మలీద ముద్దలు పెట్టేది, రెండు తిని రెండు రుమాలులో కట్టుకునేవాడు. ఎవరికోసమో మేం అడిగేవాళ్లం కాదు. మర్నాడు ఆ ముద్దలు లారీ డబ్బాలో అట్లాగే ఉండేవి.

వాళ్ల తల్లి పోయి ఆరేళ్లు గడిచాయి. ఆ యేడు దసరా సెలవుల్లో నేనూ ప్రభుదాసూ ఎల్లోరా గుహలు చూసి రావాలనుకున్నాం. మూడు నెలల నుంచి అనుకుంటున్న ప్రయాణం. ఉస్తాదే మమ్మల్ని నిజామాబాద్ స్టేషన్‌లో దింపాడు. లోపలికి పోతే, ముందు పట్టాల మీద నీళ్లొచ్చాయి, రెండు రోజులు బండి లేదన్నారు. నేను స్టేషన్ గోడను చూసి తిట్టాను, వానను తిట్టాను, చివరికి ప్రభుదాసును తిట్టాను. పరుపుచుట్టలు మోసుకుని బయటికొస్తే, ఉస్తాద్ ఇంకా చాయ్ తాగుతూనే ఉన్నాడు.

"ఏం పంతులూ, అప్పుడే సూసొచ్చిండ్రా?"

"నవ్వకు. నాకు తిక్క లేస్తుంది."

"తిక్క లేస్తే నిజాంసాగర్ పోదాం పాండ్రి. గేట్లు ఇడిసిండ్రంట. సీజన్ లేదాయె, లారీ ఊకెనే ఉన్నది. గుహలల్ల ఏమున్నయ్, రాళ్లు. నీళ్లు సూడాలె."

ఎక్కాం. ప్రభుదాసు ఎక్కితే ముందు సీటులో ఒకరికి చోటు తగ్గుతుంది. ఒకరి ఒళ్లో ఒకరం కూర్చున్నట్టే కూర్చుని బయల్దేరాం. వర్ని మీదుగా అయితే దగ్గర, కానీ ఆయన అడగకుండానే బోధన్ తోవ పట్టాడు. బోధన్ దాటాక రోడ్డుకు రెండు పక్కలా మనిషెత్తు చెరుకు. గట్ల మీద తంగేడు పచ్చగా పూసి ఉంది. ప్రభుదాసు కీర్తన ఎత్తుకున్నాడు. నా కోపం సగం దిగింది.

కోటగిరి ఇంకా కొంత దూరముందనగా జనం కనబడ్డారు. రోడ్డు కింద నీళ్లు పోయే మోరీ కొట్టుకుపోయింది. ఇవతలి గట్టు నుంచి అవతలి గట్టుకు ఎర్రనీళ్లు దూకుతున్నాయి. ఉస్తాద్ దిగాడు, గొంతుకూర్చున్నాడు, పుల్ల తీసుకుని మట్టిలో గీయడం మొదలుపెట్టాడు. ఒక గీత గీస్తాడు, చెరిపేస్తాడు. ఇంకోటి గీస్తాడు. చివరికి పుల్ల పారేశాడు.

"వాపస్ పోదాం పంతులూ. నిజాంసాగర్ యాడికి పోతది."

నాకు రైలు కోపం మళ్లీ ఎక్కింది. "రుద్రూరుకు మర్లి వర్ని తొవ్వ పట్టు. ఎన్నేండ్లు తిరుగుతవయ్యా దాని సుట్టు? మీ అక్కేమన్న పులా?"

"పులైతే ఎదురువోదును."

ప్రభుదాసు మధ్యలో వచ్చాడు. "నిమ్మళంగ పోదాం ఉస్తాద్. హారన్ కొట్టకుంటే ఆమెకెట్ల తెలుస్తది?"

ఈ మాట ఆయనకు నచ్చింది. ఎంత నచ్చిందంటే, అలవాటుగా చెయ్యి ఎక్కడ బుడ్డి మీద పడుతుందో అని, మెడలో రుమాలు తీసి హారన్ నోట్లో కుక్కాడు. నలభై ఏళ్ల మనిషి చేసే పనేనా! నవ్వొచ్చింది, ఆయన ముఖం చూసి ఊరుకున్నాను.

వర్ని దాటి ఆ పల్లె రాగానే లారీని నడకకంటే మెల్లగా తోలాడు. కాలువ వంతెన కనబడింది. సరిగ్గా వంతెన మీదే బర్రెల మంద అడ్డం పడుకుని ఉంది. ఏ డ్రైవరైనా ఒక్కసారి హారన్ కొడితే అయిపోయేది. ఈయన దిగి బర్రెల తోకలు మెలేయసాగాడు. అవి లేస్తేనా? ఒకదాన్ని లేపితే ఇంకోటి పడుకుంటోంది. నేను దిగాను, ప్రభుదాసు దిగాడు. ముగ్గురం చేరి బర్రెల్ని నెడుతుంటే వెనక నుంచి మాట వినబడింది.

"ఎంతసేపు దాగుంటవ్ రా, బర్రెల సాటుకు?"

వంతెన చివర ఒకామె నిలబడి ఉంది. పొట్టిగా, అచ్చం ఆయన ముఖమే. చేతిలో తాంబాలం, అందులో సగం పేర్చిన బతుకమ్మ. కాలువ గట్టున తంగేడుపూలు తెంపుకోవడానికి వచ్చినట్టుంది. ఆమె మా వైపు చూడలేదు, తమ్ముడి వైపూ చూడలేదు. నేరుగా లారీ దగ్గరికి పోయింది.

"దీని నోట్లె గుడ్డెందుకు కుక్కినవ్? చెడిందా?" అంటూ రుమాలు లాగి దుమ్ము దులిపింది.

ఆయన ఇంకా బర్రె తోక పట్టుకునే ఉన్నాడు. నాకు ఆగలేదు. మంచి పని చేస్తున్నాననుకుని, "అక్కా, నిన్ను తోలుకపోనీకే వచ్చిండు" అన్నాను.

ఆమె తమ్ముడి వైపు తిరిగింది. "నిజమేనా?"

తల ఊపితే చాలు. ఆరేళ్ల పంచాయితీ అక్కడికక్కడే తెగిపోతుంది. ఊపు, ఊపు అని వెనక నుంచి గిచ్చాను కూడా.

"కాదక్కా" అన్నాడు. "నిజాంసాగర్ సూడ పోతున్నం. కోటగిరి కాడ మోరీ తెగింది. గందుకే గిట్లొచ్చినం."

నేను తల కొట్టుకున్నాను. ఇంత బుద్ధిలేని మనిషితో దోస్తీ చేసినందుకు నన్ను నేను తిట్టుకున్నాను.

"ఇంకా?" అంది ఆమె.

"ఇంకా…" ఆయన చెయ్యి మెడలో లేని రుమాలును తడిమింది. "ఆ యేడు లారీ చెడలే అక్కా. నాందేడ్‌కు పసుపు బస్తాలు తోలుకపోయిన. ఒక్క పూటల మర్లి వస్తననుకున్న, రాలే. నువ్వు అడిగితే చెడిందన్న. అవ్వ పదో దినంనాడు అబద్ధం చెప్పిన."

నేనూ ప్రభుదాసూ ముఖముఖాలు చూసుకున్నాం. మాకూ ఇన్నేళ్లు అదే అబద్ధం చెప్పాడు.

ఆమె వంతెన గోడ మీద కూలబడింది. "నాకెరుక రా. పసుపు సేటు మనిషి అప్పుడే చెప్పిండు. నీ నోటితోని చెప్తవని పదిమందిల అడిగిన. గా ఒక్క మాటకు ఆరేండ్లు పట్టిందా నీకు?"

"హారన్ ఇనబడితే తలుపు పెట్టుకుంటనంటివి గద అక్కా."

"పెట్టుకుంటనన్న. మల్ల తియ్యనన్ననా, పిచ్చోడా?"

ఆమె ఏడ్చింది. ఆయన చిన్నపిల్లవాడిలాగా బర్రెల మధ్య నిలబడి ఏడ్చాడు. నా కళ్లలోనూ నీళ్లు తిరిగాయి, దాచడమెందుకు. కాసేపటికి ఆమె కొంగుతో ముఖం తుడుచుకుని, "నీళ్లు బాగొచ్చినయా నిజాంసాగర్‌ల?" అని అడిగింది. వచ్చాయన్నాం. "ఇరవై ఏండ్లాయె ఈ కాలువ నీళ్లు తాగవట్టి. ఇవి యాడికెల్లొస్తయో సూడలే. నడువుండ్రి, నేనొస్త." గట్టు మీద పోతున్న ఒకామెను కేకేసి, "ఓ వదినా! మా తమ్ముడొచ్చిండు, తోలుకపోతున్నడు, మీ అన్నకు చెప్పుండ్రి" అంది. ఆ కేకకు పల్లె మొత్తం విని ఉంటుంది. ఎంతమంది నవ్వారో అంతమందికీ వినబడాలని అరిచినట్టుంది.

ఆమెకు ముందు చోటివ్వడానికి ప్రభుదాసు వెనక ఎక్కాడు. బతుకమ్మ చెదరకుండా రెండు చేతులతో తాంబాలం పట్టుకుని, కీర్తన పాడుకుంటూ, బాన్స్‌వాడ దాకా నిలబడే వచ్చాడు. ఆ ఊళ్లో జనం ఆయన్ను ఏమనుకున్నారో దేవుడికే తెలియాలి. ఉస్తాద్ బజారులో లారీ ఆపి అక్కకు ఆకుపచ్చ చీర తెచ్చాడు. "గీ రంగు అవ్వకు ఇష్టం" అంది ఆమె.

నిజాంసాగర్ గేట్ల మోతకు మా మాటలు మాకే వినబడలేదు. ఆమె చాలాసేపు నీళ్లనే చూస్తూ నిలబడింది. "ఇన్ని నీళ్లు పెట్టుకొని మాకు జరన్ని జరన్ని ఇడుస్తరా వీళ్లు?" అంది. పొద్దు వాలుతుండగా ఒడ్డున నీళ్లు నిమ్మళంగా ఉన్న చోట బతుకమ్మను వదిలింది. పాట ఒక్కతే పాడుకుంది. నేను తిరిగి చూస్తే ఉస్తాద్ గట్టు మీద గొంతుకూర్చుని పుల్లతో బురదలో గీస్తున్నాడు. నిజాంసాగర్, కాలువ, వర్ని, బోధన్.

ఆ రోజు బోధన్‌లో తల్లి ఇంటి తాళం తీసి అక్కను లోపలికి తీసుకుపోయాడు. సద్దుల బతుకమ్మ దాకా ఉండి పోయింది. పోతూ పోతూ తమ్ముడికి ఒక్క మాట చెప్పింది. "ఇగ ఏనాడు గూడ హారన్ కొట్టకుంట మా ఊరి మీదికెల్లి పోకు." మమ్మల్నీ ఆనాటి నుంచి తమ్మీ అనే పిలిచింది.

తర్వాత పదేళ్లు ఆయన కావాలని వర్ని కిరాయిలే ఒప్పుకున్నాడు. వంతెన దగ్గర హారన్ కొట్టడం, ఆమె ఏదో ఒకటి మూట కట్టి అందించడం, ఆ మూటలో సగం మా బడి ముందు ఆగి నాకివ్వడం. జొన్న రొట్టెలు, పచ్చి శనగలు, ఒకసారి బతికున్న కోడిపుంజు. అది మా ఆఫీసు గదిలో చేసిన ఆగం ఇప్పటికీ పిల్లలు చెప్పుకుంటారు.

కిందటి సీజన్ చివర్లో, ఫ్యాక్టరీ యార్డులో లారీల లైన్లో నిలబడి ఉన్నాడు. ముందు లారీ కదిలింది, ఈయనది కదలలేదు. నిద్రపోయాడనుకుని వెనకవాళ్లు హారన్లు కొట్టారు. పోయి చూస్తే స్టీరింగు మీద తల పెట్టుకుని ఉన్నాడు. ప్రభుదాసుకు కబురు పోయింది. కాంపౌండరు కాబట్టి ఆయనకు చూడగానే తెలిసిపోయింది.

అక్కకు చెప్పే పని నా మీద పడింది. చెరుకు దింపేసి, అదే లారీలో అడ్డా మీది ఇంకో డ్రైవరును తీసుకుని వర్ని తోవ పట్టాను. వంతెన దగ్గరికి రాగానే ఆ డ్రైవరు చెయ్యి హారన్ మీదికి పోయింది. ఆ చెయ్యి పట్టుకున్నాను. అది మోగితే ఆమె మూట పట్టుకుని నవ్వుతూ వస్తుంది. ఆ నవ్వు ముఖం చూసి నేనెట్లా చెప్పను?

చప్పుడు లేకుండా పోయి ఆమె ఇంటి ముందు ఆగాం. ఇంజను చప్పుడుకే ఆమె బయటికి వచ్చింది. లారీని చూసింది, డ్రైవరును చూసింది, నన్ను చూసింది. గడప పట్టుకుని కాసేపు కూర్చుంది. తర్వాత లోపలికి పోయి ఆకుపచ్చ చీర కట్టుకుని వచ్చి నా పక్కన ఎక్కింది.

లారీ వంతెన దగ్గరికి వచ్చింది. "కొట్టు" అంది.

డ్రైవరు నా వైపు చూశాడు.

"హారన్ కొట్టు తమ్మీ. రెండు పొట్టి, ఒకటి పొడుగు. నేనొస్తున్ననని వానికి ఎరుకగావాలె."

బోధన్ దాకా కొడుతూనే పోయాం.